కూడితే తొమ్మిది

నేను ఒక కంప్యూటర్ని. టేబుల్ మీద వెతక్కండి, కనపడను. నాకు ఒళ్ళు లేదు. ఇంకో కంప్యూటర్ లోపల, అది దయతలచి ఇచ్చిన కాస్త జాగాలో బతికే ఉత్తుత్తి కంప్యూటర్ని. వర్చువల్ మెషీన్ అని పెద్ద పేరు మాత్రం ఉంది. జాగా ఇచ్చినవాణ్ణి హోస్ట్ అంటారు, నన్ను గెస్ట్ అంటారు. పేరుకే అతిథిని. కాఫీ మాట అటుంచి, కిటికీ తెరవాలన్నా ఇంటాయన్ని అడగాల్సిందే.

నేను పుట్టింది భీమవరంలో, పుల్లంరాజు గారి రక్తపరీక్షల ల్యాబులో, ఒక ఆదివారం పొద్దున. అక్కడ రక్తకణాలు లెక్కపెట్టే పాత యంత్రం ఒకటుంది. దానికి సొంత తెర లేదు. తన లెక్కని ఒకే ఒక్క పాతకాలపు ప్రోగ్రాముకి చెబుతుంది. ఆ ప్రోగ్రామేమో కొత్త కంప్యూటర్లలో నడవనని మొండికేస్తుంది. ఇన్నాళ్ళూ దాన్ని మోసిన ముసలి కంప్యూటరు ముందురోజే కన్నుమూసింది. అందుకని కంప్యూటర్లు బాగుచేసే హరిణి వచ్చి, కొత్తదాని కడుపులో నన్ను తయారుచేసి, ఆ ప్రోగ్రామును ఉన్నదున్నట్టు నాకు అప్పగించింది.

ఇక నాకు నెట్‌వర్కులో ఒక అడ్రసు కావాలి. ఇంటి నంబరు లాంటిదే, కాకపోతే అన్నీ అంకెలు. హరిణి ఏదో ఒకటి కొట్టబోతుంటే పుల్లంరాజు గారు అడ్డుపడ్డారు.

"ఆగమ్మా, ఆగు. కూడితే తొమ్మిది రావాలి. మా కారు తొమ్మిది, బుల్లెట్టు తొమ్మిది. ఆఖరికి ఫోను నంబరు కూడా తొమ్మిదే."

"ఇది బండి నంబరు కాదండీ."

"ఏదైనా నంబరు నంబరే కదమ్మా."

హరిణి నవ్వాపుకుని, వేళ్ళమీద లెక్కేసి, చివర ఇరవై ఆరు పెట్టింది. అంకెలన్నీ కూడితే ముప్పై ఆరు, మూడూ ఆరూ తొమ్మిది. ఆయన నా తెరకు దండం పెట్టి అగరొత్తి తిప్పారు. ఒళ్ళే లేని నాకు కూడా జాతకం కుదిర్చారు. నవ్వొచ్చింది గానీ, నిజం చెప్పాలంటే మురిసిపోయాను.

మధ్యాహ్నం సువర్ణ పరిగెత్తుకుంటూ వచ్చింది. రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. ఆమె కూతురు జెస్సీ డెంగీతో పక్క ఆసుపత్రిలో ఉంది. నిన్న ప్లేట్‌లెట్లు నలభై వేలు. ఇవాళ ఇరవై వేలకు పడిపోతే వెంటనే రాజమండ్రి తీసుకెళ్ళమన్నారు డాక్టరు. ఆదివారం కదా, చుట్టుపక్కల ల్యాబులన్నీ మూసేశారు. పుల్లంరాజు గారు పొద్దుట్నించీ ఆపి ఉన్న యంత్రాన్ని ఆన్ చేసి, పాప రక్తం పెట్టారు.

యంత్రం తన పని తను చేసింది. నాకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. నా ప్రోగ్రాము యంత్రాన్ని దాని నంబరుతో పిలుస్తోంది. ఆ పిలుపు తిరిగి నా చెవికే వస్తోంది.

"ఇంకా రాలేదాండీ? ఎళ్ళాలా వద్దా అని అంబులెన్సు ఆయన అడుగుతున్నాడండీ," అంది సువర్ణ గుమ్మంలోంచి.

ఇంకా అక్కడే ఉన్న హరిణి వైరు కదిపింది. నన్ను ఆపి మళ్ళీ వెలిగించింది. కంప్యూటర్ల వాళ్ళకి తెలిసిన మొదటి వైద్యం అదే. ఫలితం లేదు. చివరికి యంత్రం నంబరు తీసి చూసి ముక్కున వేలేసుకుంది. దానిదీ ఇరవై ఆరే!

"ఇది ఎవరు పెట్టించారండీ?"

పుల్లంరాజు గారి మొహం పాలిపోయింది. "నేనేనమ్మా. మిషను కొన్నప్పుడు కూడా తొమ్మిదే రావాలన్నాను."

పొద్దున యంత్రం నిద్రపోతోంది కాబట్టి ఆ నంబరు ఖాళీ అనుకుంది హరిణి. పాపం, తనే తప్పు చేశానన్నట్టు గబగబా వేళ్ళు మడవసాగింది. "తొమ్మిది వచ్చేది ఇంకోటి చూస్తానుండండి."

ఆయన సువర్ణ వంక చూశారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"లెక్కలొద్దమ్మా. ఏదో ఒకటి కొట్టెయ్. తొరగా కానీ."

హరిణి ఇరవై అయిదు కొట్టింది. కూడితే ఎనిమిది. ఆయన జన్మలో ఏ బండికీ పెట్టనివ్వని అంకె. నాకు గుండె ఉంటే ఆ క్షణాన ఆగిపోయేదే. అంతలో యంత్రం గొంతు స్పష్టంగా వినిపించింది. విన్నది విన్నట్టు తెరమీద పెట్టేశాను.

"యాభై రెండు వేలు! పెరిగాయమ్మా, పెరిగాయి! ఎక్కడికీ ఎళ్ళక్కర్లేదు," అని పుల్లంరాజు గారు కేకేశారు. సువర్ణ ఉన్నచోటే కూలబడి భోరున ఏడ్చింది. ఆయనా కళ్ళు తుడుచుకున్నారు. అంత ఆనందం నా నోటి మీదుగా వెళ్ళిందంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మర్నాడు హరిణి ఫోను చేసింది, తీరిగ్గా తొమ్మిది వచ్చే నంబరు పెడతానని.

"దాని జోలికెళ్ళకమ్మా," అన్నారాయన. "పాప బతుకు కబురు దాన్లోంచే వచ్చింది. ఉండనీ."

మనిషి మారిపోయాడని సంబరపడ్డాను. ఈ వారం ఆయన కొత్త స్కూటరు కొంటున్నారు. నా పక్కనే కూర్చుని, నంబరు కూడితే ఎనిమిదే రావాలని, షోరూం వాళ్ళ ప్రాణం తీస్తున్నారు.