నౌపడ జవాబు

నౌపడ పేరు కింద పదకొండో వరుసలో కూడా జ్ఞానానందం ‘జవాబు లేదు’ అని రాసుకున్నాడు. శ్రీకాకుళంలోని ఆ గదిలో ఒక కంప్యూటరు జిల్లాలోని ముప్పై ఎనిమిది ఆఫీసుల్లో ఇంటర్నెట్ లైన్లు నడిపే రౌటర్లను పేరుపేరునా అడుగుతుంది: నీ గుండా ఎంత సమాచారం పోయింది? వచ్చిన అంకెలతో గ్రాఫు గీస్తుంది. ఆ గీతల ముందు అతను కాంట్రాక్టు ఆపరేటరుగా తొమ్మిదేళ్ళ నుంచి కూర్చుంటున్నాడు. ఏసీ గాలికి పట్టేసి ఎడమ భుజం కిందికి జారిపోయింది.

కిందటి నెల దాకా అడగడం అయిదు నిమిషాలకోసారి. నిమిషానికోసారి అడగమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొత్త రౌటర్లు తట్టుకున్నాయి. నౌపడలోది పాతది. రద్దీ ఉన్నప్పుడు లెక్క మొత్తం అప్పజెప్పడానికి దానికి డెబ్బై సెకన్లు కావాలి. అరవయ్యో సెకనుకే రెండో ప్రశ్న వచ్చి పడుతుంది. దానికి జనం పని మొదట, జవాబు తర్వాత. అందుకని జవాబు మానేస్తుంది. గ్రాఫులో ఖాళీ పడుతుంది. ఖాళీ పడితే లైను తెగినట్టేనని ఆఫీసు తీర్మానించి, లైను చూసే మనిషిని పరిగెత్తిస్తుంది.

ఫోను మోగింది. నౌపడ లైను చూసే ఎల్లాజీ.

“మావా, మళ్ళీ పరిగెట్టించీసినారు. పొద్దున్నుంచి నాలుగోపాలి. పచ్చ దీపాలు ఎలుగుతన్నాయి. ‘డాట్రుగోరొచ్చినారు, నాడి సూత్తారు’ అని ఇక్కడోళ్ళు నవ్వుతన్నారు.”

“ఇంటికెల్లి అన్నం తినరా.”

“ఉజ్జోగం ఉంటాదా మావా?”

జ్ఞానానందం ఫోను పెట్టేశాడు. ఎదురుగా మేనేజరు పంపిన కాగితం ఉంది. నౌపడ లైను నెలలో రెండువందల పన్నెండు సార్లు తెగింది, ఎల్లాజీని తొలగించవచ్చు. కింద ఆపరేటరు సంతకానికి చోటు.

కాగితం పట్టుకుని మేనేజరు నాగబాబు గదికి వెళ్ళాడు.

“ఖాళీకి ముందు అంకె ఇదండి. తరవాతి అంకె ఇది, దానికన్నా పెద్దది. లైను తెగుంటే మధ్యలో మీటరు ఎలాగ తిరిగినాది?”

“తెగిందని సిస్టమే చెబుతోంది జ్ఞానానందం గారూ. సంతకం పెట్టండి.”

“మిమ్మల్ని నిమిషానికోపాలి పిలిసి ఏటి సేస్తన్నారని అడిగితే పని సేస్తారా, నాకు జవాబు సెప్తారా?”

“మీరు పెట్టకపోతే పెట్టేవాళ్ళున్నారు.”

పన్నెండూ పదికి అతను నౌపడ ఒక్కదాన్నీ మళ్ళీ అయిదు నిమిషాలకోసారి అడిగేలా మార్చాడు. ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత గీత తెగలేదు. భోజనానికి లేవకుండా చూస్తూ కూర్చున్నాడు.

మూడింటికి నాగబాబు వచ్చాడు.

“ఎవరు మార్చారు?”

“నేనే.”

“కార్డు ఇచ్చేసి వెళ్ళండి.”

మెడలోని కార్డు తీసి ఇచ్చాడు. ఆ రోజు గ్రాఫును కాగితం మీద ప్రింటు తీశాడు. మధ్యాహ్నం దాకా ముక్కలు, అక్కణ్ణుంచి ఒకటే గీత. తొలగింపు కాగితం మీద సంతకం చోటు నిండేలా, పక్కన అంచు దాకా రాశాడు: ‘లైను తెగలేదు. తప్పు ఎల్లాజీది కాదు, మనం అడిగే తీరుది.’ కింద పూర్తి పేరు, తేదీ. రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు.

నాగబాబు పక్క సీటులోని ఆపరేటరు అనితను పిలిచాడు. “ఇందులో మీరు పెట్టండి.”

అనిత బల్ల మీదికి వంగి చదివింది. మళ్ళీ చదివింది.

“ఎక్కడ పెట్టమంటారండి? చోటు లేదు.”

ఏసీ గాలికి కాగితాలు కదలడం లేదు. వాటి మూల మీద జ్ఞానానందం అన్నం క్యారేజీ ఉంది, మూత తీయకుండా.