గూస్ క్రీక్ వంతెనకు రెండో ఓటు

ఆర్విడ్ స్కోగెన్‌కు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. రాజధానిలో శాసనసభ్యుడిగా అన్నేళ్లు నెగ్గుకొచ్చాడంటే అది కుర్చీలో కూర్చుని కాదు, నడవాల్లో తిరిగి. ఒకడి భుజం మీద చెయ్యి వేసి, ఇంకొకడి చెవిలో ఊది, సభ మొదలయ్యే వేళకు ఓట్లన్నీ జేబులో వేసుకునేవాడు. అలాంటి మనిషి అక్కడి పదవి ముగించుకుని, నార్త్ డకోటాలోని సొంత కౌంటీకే కమిషనర్‌గా ఎన్నికై వచ్చాక కాలు కాలిన పిల్లిలా అయ్యాడు. ఇక్కడ కౌంటీని నడిపే కమిషనర్లు ముగ్గురే. అందులో ఇద్దరు కౌంటీ పని గురించి మాట కలిపితే చాలు, చట్టం దాన్ని సమావేశమే అంటుంది. ముందుగా ప్రకటన వెయ్యాలి, జనాన్ని రానివ్వాలి. అంటే తోటి కమిషనర్‌తో కాఫీ తాగుతూ వాన గురించి మాట్లాడుకోవచ్చు గానీ, ఆ వానకు కొట్టుకుపోయిన రోడ్డు గురించి మాత్రం మాట్లాడకూడదు. ఇదెక్కడి చోద్యం అనిపిస్తుంది కదా, ఆర్విడ్‌కూ అదే అనిపించింది.

తెలియక కాదు సుమా. ఆ చట్టానికి సవరణ వచ్చినప్పుడు సభలో తనూ చెయ్యెత్తాడు. కానీ తెలిసిన సంగతికీ అలవాటుకీ పోటీ పడితే గెలిచేది అలవాటే.

గూస్ క్రీక్ మీది వంతెన కుంగిందని వసంతంలోనే బరువు బళ్లను ఆపేశారు. అంబులెన్సూ బరువు బండే. వాగవతల బెర్నడీన్ హాక్ భర్త రోజర్‌కు గుండెజబ్బు. ఆగస్టులో నొప్పి వచ్చినప్పుడు, అంబులెన్స్ చుట్టుదారిన వచ్చేదాకా ఆగలేక, ఆవిడే అతన్ని పికప్‌లో ఎక్కించుకుని ఎదురెళ్లింది. మంచు పడితే ఆ పనీ సాగదు. నేల గడ్డకట్టకముందే కొత్త వంతెనకు పునాది పడాలి. పడుతుందని ఆర్విడ్ ఆవిడకు మాటిచ్చాడు.

మాటిచ్చినవాడు ఊరుకుంటాడా? చర్చి విందు ముగిశాక, తోటి కమిషనర్ డెల్మార్ ప్రౌస్ బండిలోకి ఎక్కి అతని పక్కన కూర్చున్నాడు.

"ఏమోయ్ డెల్మార్, వంతెనకి చెయ్యెత్తుతావా?"

"ఎత్తుతా గానీ, డబ్బెక్కణ్ణించి తెస్తావ్?"

"అది నాకొదిలెయ్. ఎక్కడో ఓచోట ఖర్చు కోస్తాంలే."

"ఎక్కడో ఓచోటంటే ఎవరిదో ఓ రోడ్డేగా."

"నీ రోడ్డు కాదులేవయ్యా బాబూ."

డెల్మార్ హాయిగా నవ్వి బండి తీశాడు.

సోమవారం వంతెన రెండు ఓట్లతో నెగ్గింది. మూడో కమిషనర్ వాండా ఓస్ట్‌బీ చెయ్యెత్తలేదు. ఆవిడ ఒకప్పుడు స్కూలు బస్సు నడిపిన మనిషి; వెనక సీట్లో ఎవడేం చేస్తున్నాడో అద్దంలో చూసి పట్టేసే రకం.

"ఏం డెల్మార్, మేకు కొనాలన్నా గంటసేపు ప్రశ్నలేస్తావ్. ఇవాళ ఇంత పనికి నోరు మెదపలేదేం? ఎక్కడ మాట్లాడుకున్నారు మీరిద్దరూ?"

డెల్మార్‌కు అబద్ధం రాదు పాపం. "చర్చి దగ్గర... బండిలో," అన్నాడు. కౌంటీ లాయరు కలం కింద పెట్టేశాడు. ఆ ఓటు చెల్లదు, మళ్లీ ప్రకటన వేసి మళ్లీ పెట్టాల్సిందేనన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మెట్ల దగ్గర బెర్నడీన్ కాచుకుని ఉంది. "ఈలోగా నేల గడ్డకడితేనో, ఆర్విడ్?"

"త్వరలోనే పెడతాం బెర్నడీన్. కంగారుపడకు."

"రాజధానిలో నువ్వు చేసిందీ ఇదే. అప్పుడు దాన్ని తెలివనేవాళ్లం," అని ఆవిడ వెళ్లిపోయింది.

ఇక అప్పట్నించీ అతనికి నిద్ర లేదు, ముద్ద దిగలేదు. ఫోను తీస్తాడు, డెల్మార్ పేరు చూస్తాడు, మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. "వంటింట్లో ఏం దున్నుతున్నావయ్యా, కాస్త కూర్చో," అని భార్య ఇర్మా కసిరినా పచార్లు ఆపడు. డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో అతనికి బండిలో కూర్చున్ననాడే తెలుసు. ఖర్చు కోస్తే వంతెనకు సరిపోయే రోడ్డు ఒక్కటే ఉంది, ఉత్తరపు రోడ్డు. దాని మీదే తన ఇల్లు, తమ్ముడు లైల్ ఇల్లు. కంకర పోయకపోతే మంచు కరిగే రోజుల్లో లైల్ గోధుమ లారీలు ఇరుసుదాకా దిగబడతాయి. ఎన్నికల్లో కంకర పోయిస్తానని ఊరూరా చెప్పిందీ తనే. ఆ మాట నమ్మి కూడలి కూడలికీ అన్న పేరు బోర్డులు పాతింది లైల్.

రెండో సమావేశానికి కోర్టు భవనం కింది గదిలో కుర్చీలన్నీ నిండాయి. ముందు వరుసలో లైల్. దడుచుకున్న డెల్మార్ ఈసారి వద్దంటూ ఓటేస్తానని సభ మొదలవగానే చెప్పేశాడు.

వాండా ఆర్విడ్ వైపు తిరిగింది. "వంతెన వద్దని నేనేనాడూ అన్లేదు. ఏ రోడ్డు డబ్బు కోస్తావో చెప్పకుండా చెయ్యెత్తమంటే ఎత్తను. ఇక్కడ, వీళ్ల ముందు చెప్పు."

రాజధానిలో ఎవరి నోటి దగ్గర కూడు లాగినా, ఆ మనిషి ఎక్కడో దూరాన ఉండేవాడు. ఇక్కడ లైల్ చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చూద్దాం, ఆలోచిద్దాం, కమిటీ వేద్దాం అన్న పాత మాటలన్నీ ఆర్విడ్ నాలుక చివరిదాకా వచ్చాయి. వెనక గోడకు ఆనుకుని బెర్నడీన్ నిలబడి ఉంది.

"ఉత్తరపు రోడ్డు," అన్నాడు. "మేముండే రోడ్డే. ఈ ఏడు కంకర లేదు. పై ఏడూ అనుమానమే."

వాండా చెయ్యెత్తింది. వంతెన నెగ్గింది. బెర్నడీన్ ఎవరికీ ఏమీ చెప్పకుండా రోజర్‌కు ఫోను చెయ్యడానికి బయటికి పరుగెత్తింది. లైల్ లేచి కుర్చీ మడిచి గోడకు చేర్చి వెళ్లిపోయాడు. సభ ముగిసీ ముగియగానే ఆర్విడ్ పరుగున వెళ్లి, కదలబోతున్న లైల్ బండి తలుపు పట్టుకున్నాడు.

"ఆగరా లైల్."

"నాకో మాట ముందు చెప్పుండొచ్చుగా అన్నయ్యా. నేను కమిషనర్ని కాదుగా, నాతో మాట్లాడకూడదని చట్టమేం లేదుగా."

"చెబితే వద్దనేవాడివిరా."

"అనేవాణ్ణే. నాలుగు తిట్లు తిట్టేవాణ్ణి కూడా. తిట్టి, ఇవాళ నేనే లేచి మన రోడ్డు డబ్బు ఇచ్చేద్దాం అనేవాణ్ణి. రోజర్ నీకొక్కడికే కావాల్సినవాడా?" లైల్ తాళం తిప్పాడు. "తలుపొదులు."

ఆర్విడ్ వదిలాడు.