కదలొద్దన్నారు

ఊరిబిండి పచ్చడిలో ఉప్పెక్కువయిందంట, బస్సుకు టైమవుతాంటే పొద్దున్నే అదే రాద్ధాంతం, బీఏ చదివినావు, చిటికెడేదో పిడికెడేదో తెలీదేమ్మా అని అత్త నారాయణమ్మ కంచం తోసేసింది, తెలిసేది అత్తా, వేళ్ళకు తెలిసేది, ఇప్పుడు కుడిచేతి వేళ్ళ మధ్య ఉప్పుందో లేదో తెలీకపోబట్టే కదా అనంతపురంలో ఈ స్కానింగు, తలచుట్టూ పంజరం బిగించి, సొరంగంలోకి తోస్తూ, కదలొద్దమ్మా అంటున్నాడు స్కానింగాయన, కదలొద్దని జయంతికి కొత్తగా చెప్పాలా, అది కాపురానికొచ్చిన రోజే నేర్పినారు, అయినా ఇదేంది, మెడ దగ్గర ఎవరో పట్టి లాగుతున్నట్టు, పురుగా, కాదు, పిన్నీసు, తాళీ మెట్టెలూ తీసేయమంటే బోడి మెడతో పోకూడదని అత్త పసుపుకొమ్ము కట్టిన తాడు వేసింది, గాలి సోకకుండా దానికి ఇనుప పిన్నీసు గుచ్చినట్టుంది, చెప్పనన్నా చెప్పలేదు, మిషను అయస్కాంతానికి అది బతికున్నదానిలా లేచి తాడును గుంజుతోంది, భయమైతే నొక్కమని రబ్బరు బంతి ఇచ్చినారు కదా, నొక్కింది, నొక్కిందా, ఎవరూ రారే, కుడిచేతిలో పెట్టినారు దాన్ని, చేతులు బాగుండాయా అని స్కానింగాయన అడిగితే మొగుడు తిప్పేష్, భేషుగ్గా ఉండాయప్పా అనేసినాడు, ఎడమచేత్తో తడుముకుని, లాక్కుని, పిసికింది.

బయటికి తీసినాక అందరూ తన మీదనే, ఇనుము వద్దని చెప్పలేదామ్మా అని స్కానింగాయన, చదువుకున్నదానివి, బుద్ధుండాదా నీకు అని తిప్పేష్, అత్త మాత్రం గోడమీది క్యాలెండరు చూస్తోంది, నేనే పెట్టినా అనదు, ఏ చేత్తో నొక్కినావని ఒక్కరూ అడగరు.

పిన్నీసు తీసేసి మళ్ళీ లోపలికి, ఇప్పుడు మోత, డగడగడగ, గార్లదిన్నె చేలో బోరు బండి దిగినట్టు తలలోకి దిగుతున్నారు, ఏం పడుతుందో, ఏమీ పడకపోతే ఇంకా ఘోరం, అప్పుడు తిప్పేష్‌దే గెలుపు, ఉత్త మనోవ్యాధి సార్, పుస్తకాలు చదివి తెచ్చుకునింది అని నిన్న డాక్టరుతో అన్నాడు కదా, డాక్టరు తనను చూసి ఎప్పట్నుంచమ్మా అంటే, మొన్నట్నుంచి సార్ అని తిప్పేషే జవాబు, అబద్ధం, ఎప్పుడో శెనక్కాయ పీకేటప్పుడే తను చెప్పింది, చెట్టు పట్టుకున్నా పట్టుకున్నట్టు లేదని, పని తప్పించుకునేదానికి సాకులని నవ్వినాడు, తప్పుడు జవాబు రాసుకుని ఆ డాక్టరు తప్పుడు మందిస్తే పడిపోయేది ఎవరి చెయ్యి, ఈ సొరంగంలోకి తోడు రానివాళ్ళు జవాబులకు మాత్రం ముందెందుకు, అంతే, కోపం ఒక్కసారి చల్లబడి రాయిలా గట్టిపడింది.

దీపాల వేళకు ఇల్లు చేరి, సంగటి వడ్డించి, ఎన్నడూ లేనిది వాళ్ళతోపాటే తనూ కంచం పెట్టుకుని కూర్చుంది, రేపు డాక్టరు గదిలోకి నేనొక్కదాన్నే పోతా అనింది, తిప్పేష్ ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది, ఏం, నేను సరిగ్గా చెప్పలేదా, లేదు, మీరు చెప్పిందంతా అబద్ధం, చెయ్యి నాది, నేనే చెప్తా, మీరు బయట బెంచీ మీద కూర్చోండి, అత్తా, నువ్వూ అంతే.