నాలుగో పాయింటు

"మీటింగులో నువ్వేటి సేత్తావు? ఆళ్లు సెప్పింది రాసుకోడమే కదా! బేగి వచ్చీ" అన్నాడు ఫల్గుణ, నేను పోసిన చోడి అంబలి తాగి, గిన్నె అక్కడే వదిలేసి లేస్తూ. ఆ గిన్నె కడిగి బోర్లించి పాడేరు జీపెక్కాను. నా మొగుడన్నదాంట్లో అబద్ధం లేదు. కాఫీ తోటల ఫీల్డ్ ఆఫీసరుగా పన్నెండేళ్లుగా చేస్తున్నాను. నిపుణుల కమిటీలో నలుగురం. ముగ్గురు మాట్లాడతారు, నేను మినిట్స్ రాస్తాను. ఆ పుస్తకం నిండా నా చేతిరాతే. నా మాట మాత్రం ఒక్కటీ లేదు.

ఈరోజు తేలాల్సింది అనంతగిరి దగ్గర సోములమ్మ వాళ్ల గూడెం సంగతి. శాంపిల్ పండ్లలో కాయతొలుచు పురుగు దొరికింది. గూడెం పంటంతా కోసి, మరిగించి, పూడ్చేయాలని పురుగుల శాస్త్రవేత్త సర్వేశ్వరరావు గారు నాతో ముందే అనేశారు. నిన్న నేను వెళితే సోములమ్మ నా చెయ్యి పట్టుకుంది. "రోడ్డు పక్క వరుస దేవతది తల్లీ. మేం ముట్టం. మీవోళ్లు జీపు దిగి ఆ వరుసలోనే కోసుకుపోనారు. పైతోట ఏటి సేసింది?"

వెళ్లి చూశాను. దేవత వరుసలో నిరుటి కాయలు కొమ్మలకే ఎండిపోయి ఉన్నాయి, వాటి నిండా పురుగు. పైతోటలో రెండు వందల మొక్కలు తిరిగాను. ఒక్క కాయకూ చిల్లు లేదు.

ఈసారి కమిటీకి కొత్త పద్ధతి పెట్టారు. ఎవరి అభిప్రాయం వాళ్లు ముందే ఫోనులో చెప్పాలి. ఏఐ అన్నీ చదివి, పేర్లు లేకుండా, ఎక్కడ కలిశామో ఎక్కడ విడిపోయామో తెర మీద పెడుతుంది. నిర్ణయం మాత్రం మాదే. తెర వెలిగింది. మూడు పాయింట్లు ఒకటే మాట: పంటంతా తీసేయాలి. నాలుగోది: 'శాంపిల్స్ అన్నీ పంట కోయని ఒకే వరుసవి. మిగతా తోట ఎవరు చూశారు? ఈ ప్రశ్నకు మిగతా ముగ్గురి దగ్గరా జవాబు లేదు.'

"హేమలతా, టీ ఏమైందో చూడమ్మా" అన్నారు సర్వేశ్వరరావు గారు.

నేను లేవలేదు.

ధనుంజయ్ కళ్లు పెద్దవి చేశాడు. మా కమిటీలో చిన్నవాడు. "నాలుగో పాయింటు అదిరింది! సర్, మీదే కదా? ఇంత సూక్ష్మంగా ఇంకెవరు చూస్తారు?"

సర్వేశ్వరరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "అనుభవం బాబూ" అని నవ్వారు.

పెన్ను కింద పెట్టాను.

"సర్, ఆ వరుసలో మొక్కలెన్ని?"

ఆయన నవ్వు ఆగింది.

"ముప్పై ఏడు. అన్నీ నేను చూశాను. నాలుగో పాయింటు నాది."

ఛైర్మన్ రామారావు గారు నా వైపు తిరిగారు. "పంట తీసేసే ఆర్డరు ఆపుతున్నాను. మిగతా తోట శాంపిల్స్ ఈరోజే తెప్పిద్దాం. మరి ఆ కోయని వరుస?"

"అది దేవత వరుస సర్. గూడెం పెద్దలతో మాట్లాడొచ్చాను. మొక్కు చెల్లించి వాళ్లే కోస్తారు."

"వివరంగా చెప్పండి" అన్నారాయన. పన్నెండేళ్లలో మొదటి 'చెప్పండి'.

పుస్తకం ధనుంజయ్ ముందుకు తోశాను.

"మినిట్స్ మీరు రాయండి. నేను మాట్లాడాలి."