ప్రింటర్ ఒక్కటి తప్ప

ఒకప్పుడు కింది అంతస్తులోని ఆమె గది ముందు మనుషులు వరుసగా నిలబడేవారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల ల్యాప్‌టాప్‌లను ఒక్కొక్కటిగా తెరిచి, పేరు పెట్టి, ఆఫీసు ఖాతా కలిపి, కావలసినవన్నీ ఎక్కించి ఇవ్వడం ఆమె పని. అవి ఎక్కేలోగా వాళ్లు ఎదుటి కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేవారు.

ఆ పనిని ఇంటర్నెట్ మీద నడిచే క్లౌడ్ ఏర్పాటుకు నేర్పింది కూడా ఆమే. ఇప్పుడు ల్యాప్‌టాప్ నేరుగా ఇంటికే వెళుతుంది. తెరిచి, ఆఫీసు మెయిలూ పాస్‌వర్డూ ఇస్తే చాలు, తక్కినదంతా దానంతటదే దిగివస్తుంది. ఆమె తెరమీద ఒక కొత్త పేరు, పేరు పక్కన పని పూర్తయిందని ఒక పచ్చ చుక్క. ఆ మనిషి పొడుగో పొట్టో ఆమెకు తెలియదు.

ప్రింటర్‌ను మాత్రం ఆమె ఆ ఏర్పాటులో చేర్చలేదు. కావాలనే చేర్చలేదు. అది ల్యాప్‌టాప్‌కు కలపాలంటే ఎవరైనా మెట్లు దిగి ఆమె దగ్గరికి రావాలి. వచ్చేవారు. అకౌంట్స్ పెద్దాయనైతే, కలిపిన ప్రింటర్ మళ్లీ ఎలా పోయిందో తెలియదంటూ నెలనెలా వచ్చేవాడు. సాయంత్రం అక్క ఫోన్ చేసి, "ఇవాళ మనుషులతో మాట్లాడావా, గోడలతోనేనా?" అని అడిగితే, చెప్పడానికి ఒకరుండేవారు.

ఒక ఉదయం మేనేజర్ ఫోన్ చేశాడు.

"అన్నీ వాటంతటవే ఎక్కుతున్నాయి కదమ్మా, ప్రింటర్‌కేం రోగం?"

"చూస్తానండి."

"చూడ్డం కాదు, ఇవాళే కలిపేయ్. మెట్లు ఎక్కలేక, దిగలేక చస్తున్నారు జనం."

కలిపేసింది. టీ చల్లారేలోగా అయిపోయింది.

ఆ రోజు తలుపు చప్పుడు కాలేదు. మర్నాడూ కాలేదు. ఆ తరువాతా కాలేదు. ఎదుటి కుర్చీ మీద దుమ్ము తుడిచింది. మళ్లీ పేరుకుంటే మళ్లీ తుడిచింది.

నెల తిరగకముందే, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"మళ్లీ పోయిందా బాబాయ్?"

"పోవట్లేదమ్మాయ్. అదే వచ్చిన చిక్కు."

"అంటే?"

ఆయన ల్యాప్‌టాప్‌ను చూశాడు, నేలను చూశాడు. "ఇదివరకు తీసేస్తే పోయేది. ఇప్పుడు ఎన్నిసార్లు తీసేసినా కాసేపటికి మళ్లీ వచ్చి కూర్చుంటోంది, మొండిది."

ఆమె తుడిచిన కుర్చీని ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చున్నాడు. మూసిన ల్యాప్‌టాప్ మూసినట్టే ఒళ్లో ఉంది.

సాయంత్రం అక్క ఎప్పటిలాగే అడిగింది.

"మాట్లాడాను. అకౌంట్స్ బాబాయ్ వచ్చాడు."

"ఈసారేం పాడైందట?"

"ఏమీ పాడవలేదక్కా."