బొట్టు పెట్టిన హుండీ

నేను ఒక మట్టి హుండీని. ధైర్యం గురించి మాత్రం నన్ను అడక్కండి, పుట్టినప్పటి నుంచీ భయంతోనే బతికాను. నన్ను సారె మీద తిప్పి, నెత్తిన సన్నని గాటు పెట్టి, ఆవంలో కాల్చి తీసిన కుమ్మరి తన పెళ్ళాంతో అన్నాడు: "దీనికి మూతెందుకే? డబ్బు కావాలంటే బద్దలు కొట్టుకుంటారు." ఆ మాటతో నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నన్ను కొన్నది విజయనగరంలో బట్టల షాపులో బిల్లులు కొట్టే హైమావతి. షాపుకి వెళ్ళేలోపే దోసెల పిండి రుబ్బి, కవర్లలో కట్టి వీధంతా అమ్మేది. నన్ను తెచ్చిన రోజే భర్త సన్యాసిరావుకి తేల్చి చెప్పేసింది. "జీతం ఇంటికి, పిండి డబ్బు పిండికి. ఇందులో పడ్డది ప్రాణం మీదకొస్తేనే. గ్రైండరు బెల్టు తెగిందనీ, మినప్పప్పు రేటు పెరిగిందనీ దీని జోలికి రాకండి."

ప్రాణం మీదకొస్తేనట! ఎవరికొచ్చినా ముందు పోయేది నా ప్రాణమే కదా.

సన్యాసిరావు మంచివాడే గానీ వ్యాపారమంటే మహా ఉబలాటం. ఓ రోజు "రెండో గ్రైండరు కొంటే..." అంటూ నన్నెత్తి బరువు చూశాడు. నాకు ముచ్చెమటలు పోశాయి. అప్పుడు కాపాడింది వాళ్ళమ్మ ఎర్నమ్మ. శుక్రవారం పూట నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో కూర్చోబెట్టింది. "లచ్చిందేవి కూకున్నాది. ఇంక సెయ్యేస్తే సూడు!" అంది. కొడుకు చెంపలేసుకుని దణ్ణం పెట్టాడు. మనుషులు చిత్రమైనవాళ్ళు, పగలగొట్టడానికని కొన్నదానికే దణ్ణం పెడతారు. ఆ వెర్రి పుణ్యమా అని ఏడాదిన్నర బతికి, నిండుగా బలిశాను.

ఒక ఆదివారం పొద్దున్న సన్యాసిరావు తడి చేతులతో గ్రైండరు స్విచ్చి వేశాడు. ఒకే ఒక్క కేక. హైమావతి మెయిన్ ఆపేసరికి మనిషి నేల మీద ఉన్నాడు. ఇరుగుపొరుగు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తారు.

గంటకి హైమావతి ఒక్కతే తిరిగొచ్చింది. "అత్తా, గుండె సరిగా కొట్టుకోవట్లేదట. వెంటనే విశాఖ తీసుకెళ్ళమంటున్నారు. నా దగ్గరున్నదంతా అయిపోయింది, అంబులెన్సుకి కూడా చాలదు." గూట్లోంచి నన్ను తీసి చెయ్యెత్తింది. కళ్ళు మూసుకున్నాను. చెయ్యి దిగలేదు.

"అమ్మో, ఆయనక్కడ అలా ఉంటే లక్ష్మిని బద్దలు కొట్టనా! ఏం కీడు మూడుతుందో! ఎవరినైనా అడుగుతాను," అంటూ నన్ను తిరిగి గూట్లో పెట్టి వీధిలోకి పరుగెత్తింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను సంతోషించాను. తర్వాత వీధిలోంచి ఆమె గొంతు వినబడింది. ఒక తలుపు కొట్టింది. రెండోది. "అయ్యో, చేతిలో లేదమ్మా." మూడోది. గొంతు బొంగురుపోతోంది. అతను దారిలోనే పోతే, నేనిక్కడ పసుపు రాసుకుని నిండుగా కూర్చుని ఉంటాను. ఆ ఊహకి నా ఒళ్ళంతా చల్లబడింది. పగలగొట్టండర్రా, ఎవరైనా పగలగొట్టండి! అరవడానికి నాకు నోరుందా ఏమన్నా?

ఎర్నమ్మ గోడ పట్టుకుని లేచింది. నన్ను దించి, చీర కొంగుతో బొట్టు తుడిచేసింది.

"ఓలమ్మో, నా కొడుకు కన్నా నువ్వెక్కువేటే?" అని గచ్చు మీద వేసి కొట్టింది. నోట్లన్నీ ఒళ్ళోకి ఏరుకుని వీధిలోకొచ్చి కేకేసింది. "హైమా! ఇంకెవుల్నీ అడక్కు. పట్టుకుపో!"

నన్ను ఊడ్చి దొడ్డిగోడ పక్కన పోశారు. ఎర్నమ్మ కూడా విశాఖ వెళ్ళడంతో ఇంటికి తాళం పడింది. మూడు రోజులు ఏ కబురూ లేదు. నాలుగో రోజు వాకిట్లో ఆటో ఆగింది. ఏడుపు వినబడుతుందేమోనని ప్రతి పెంకూ వణికింది.

"అమ్మా, ఆకలేస్తంది," అన్నాడు సన్యాసిరావు.

ఎర్నమ్మ అప్పుడు ఏడ్చింది.