ఒడిశా ఒక రాష్ట్రం

మొదటి ఏడాది పిల్లలకి రాజనీతిశాస్త్రంలో ఏ పుస్తకం పెట్టాలో మధ్యాహ్నంలోగా తేల్చి, ఫారం నింపి ప్రిన్సిపాల్‌కి ఇవ్వాలి. రాయగడలోని ఆ ప్రైవేటు కాలేజీలో ఆ పాఠం చెప్పేది వసంతకుమారే కాబట్టి ఆవిడ మాటే ఖాయం. బల్లమీద మూడు ఒడియా పుస్తకాలున్నాయి. రెండింటిలో ఒక్క వాక్యం కూడా కల్యాణసింగ్‌పూర్ నుంచి బస్సులో వేలాడుతూ వచ్చే పిల్లలకి కొరుకుడు పడదు. మూడోది అమృతరావు మాస్టారిది.

మాస్టారంటే ఆవిడకి దేవుడి తర్వాత అంతటివాడు. పార్వతీపురంలో తెలుగు మీడియం చదివి ఈ ఉద్యోగంలో చేరితే, దగ్గర కూర్చోబెట్టుకుని ఒడియా అక్షరాలు దిద్దించిన మనిషి. ఆయన మాత్రం రాయగడ రైల్వే కాలనీలో పుట్టి, ఒడియాలోనే చదివి, ఇదే కాలేజీలో రిటైరయ్యారు. "నాకు కలలు కూడా ఒడియాలోనే వొస్తాయమ్మీ" అని గొప్పలు పోతారు.

సంబరంగా పుస్తకం తెరిచింది. మొదటి పేజీ హాయిగా ఉంది. రెండో పేజీ ఎక్కడో చదివినట్టుంది. మూడో పేజీలో గ్రామసభ గురించి చెబుతూ హాస్టల్ మెస్సులో పప్పు గొడవ వచ్చింది. ఆ గొడవ జరిగింది ఆవిడ కళ్లముందే. పద్నాలుగో పేజీలో 'ఒడిశా ఒక రాష్ట్రం' అని ఉంది. వసంతకుమారి గబగబా పేజీలు తిప్పి, ఆ మాట ఎన్ని చోట్లుందో లెక్కపెట్టింది.

తెలుగులో రాష్ట్రమంటే ఆంధ్ర, ఒడిశా లాంటిది. ఒడియాలో రాష్ట్రమంటే ఏకంగా దేశం. మనం రాష్ట్రం అనేదాన్ని వాళ్లు రాజ్యం అంటారు. చేరిన కొత్తలో తను ఒడియాలో టైపు చేసుకున్న పాఠాల నోట్సులో ఈ తప్పు దొర్లింది. "మేడం, ఒడిశాని వేరే దేశం చేసేశారు!" అని క్లాసంతా నవ్వాక దిద్దుకుంది. అంతకు ముందే ఒక కాపీ మాస్టారికిచ్చి, తప్పులుంటే చూడమంది. వారం తర్వాత "ఒక్క తప్పూ లేదమ్మీ" అంటూ తిరిగిచ్చారు.

అంతలో మాస్టారే నవ్వుతూ వచ్చారు. "ఏటమ్మీ, సూసేవా? ఎలాగుంది?"

ఎప్పుడూ చెప్పే వందనాలు ఆవిడ నోటికి రాలేదు. పేజీ చూపించింది. "ఒడిశా దేశం ఎప్పుడైపోయిందండి?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. "అచ్చుతప్పమ్మీ. కోరాపుట్‌లో ఆ ప్రెస్సోడు సేసేడు."

"పదకొండు సోట్లుంది మాస్టారూ. అచ్చుతప్పుకి తెలుగెలాగొచ్చిందండి?"

ఆయన పుస్తకం అందుకుని ముందు పేజీ తిప్పారు. "నీ పేరు కూడా ఏసేను కదా, ముందుమాట సూడు."

చూసింది. 'టైపింగులో సాయపడిన వసంతకుమారికి ఆశీస్సులు' అని ఉంది. ఒళ్లు మండిపోయింది.

"అడిగితే ఇచ్చీసీదాన్ని కదండీ," అంది. "ఒక్క తప్పూ లేదన్నారని ఆ రోజు మా అమ్మకి సెప్పుకుని మురిసిపోయేను. మీరసలు సదవనే లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

"నీ నోట్సు నీ సంచిలో ఉంటే ఎవులికి ఉపయోగం? నా పేరుంటే పదిమందికీ సేరతాది," అన్నారాయన, ఏమాత్రం తడబడకుండా. "ఆ తప్పులు రెండో ముద్రణకి నువ్వే దిద్దీ. ముందు ఫారం మీద సంతకం ఎట్టు, టైమవుతోంది."

వసంతకుమారి కళ్లు తుడుచుకుని ఫారం ముందుకి లాక్కుంది. పుస్తకం పేరున్న చోట ఆ పుస్తకం పేరే రాసింది. పిల్లలకి అర్థమయ్యేది అదొక్కటే మరి. కింద రచయిత అన్న గడిలో, ఆయన దిద్దించిన అక్షరాలతోనే, గుండ్రంగా తన పేరు రాసి సంతకం పెట్టింది.

మాస్టారు వంగి చూశారు. "ఇదేటమ్మీ?"

"ఇది మాత్రం అచ్చుతప్పు కాదండి," అని ఫారం పట్టుకుని ప్రిన్సిపాల్ గది వైపు నడిచింది.